హాట్ రన్నర్ పెట్టించాలా, కోల్డ్ రన్నర్ సరిపోతుందా? మౌల్డ్ ఆర్డర్ ఇచ్చేముందు వేసుకోవాల్సిన లెక్క

బెంగళూరు పీణ్యాలో రెండు మూడు ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషిన్లు పెట్టుకుని జాబ్‌వర్క్ చేసేవాళ్లలో మనవాళ్లు బాగానే ఉన్నారు. హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి ఆపరేటర్లుగా వచ్చి, నిదానంగా సొంత షెడ్ తీసుకున్నవాళ్లు. కొత్త మౌల్డ్ చేయించాల్సి వచ్చినప్పుడు వీళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, హాట్ రన్నర్ పెట్టిస్తే రన్నరే రాదంట గదా, నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే పెట్టించేద్దామా?" దీనికి అవుననో కాదనో చెప్పేముందు నేను గ్రైండర్ గురించి అడుగుతాను. గ్రైండర్ పక్కన బస్తాల్లో ఏ రంగు రీగ్రైండ్ (మిగిలిన ప్లాస్టిక్‌ని మళ్లీ వాడటానికి చేసిన ముక్కలు) ఎంత పేరుకుపోయింది, నెలకి ఎన్నిసార్లు రంగు మారుస్తున్నారు, పార్టీ, అంటే ఆర్డర్ ఇచ్చినవాడు, రీగ్రైండ్ కలపడానికి ఒప్పుకుంటాడా. ఈ మూడూ తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. మిగతా సగం ఏ మెటీరియల్, ఎన్ని లక్షల పీసులు అన్నదాని మీద ఉంటుంది. నాజిల్ మీద ఏ కంపెనీ పేరుంది అన్నది ఆ తర్వాతి సంగతి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. బారెల్లో కరిగిన ప్లాస్టిక్ మెషిన్ నాజిల్ గుండా మౌల్డ్‌లో స్ప్రూ బుష్ అనే కన్నంలోకి దిగి, రన్నర్ కాలవల్లో చీలి, గేట్ అనే ఇరుకు సందు దాటి కావిటీలో, అంటే పీసు ఆకారపు గుంతలో, నిండుతుంది. కోల్డ్ రన్నర్లో ఈ దారిలో ఉన్న ప్లాస్టిక్ అంతా పీసుతో పాటే గట్టిపడి ప్రతి షాట్‌కీ బయటపడుతుంది. హాట్ రన్నర్లో దారి పొడుగునా హీటర్లుంటాయి. మధ్యలో మానిఫోల్డ్ అనే ఉక్కు దిమ్మె, దాన్నుంచి కావిటీకి ఒక నాజిల్ చొప్పున. లోపలి ప్లాస్టిక్ కరిగే ఉండి తర్వాతి షాట్‌కి పనికొస్తుంది. ఈ రెండింటికీ నడుమ ఇంకో దారి ఉంది, కొటేషన్ ఇచ్చేవాళ్లు దాని ఊసు పెద్దగా ఎత్తరు, దాని దగ్గరికి వస్తాను.

ముందు డబ్బు లెక్క

ఎనిమిది కావిటీల మౌల్డ్ ఒకటి అనుకుందాం, పీపీ (పాలీప్రొపిలీన్) మూత, ఒక్కోటి 3 గ్రాములు. పీసులు మొత్తం 24 గ్రాములు, రన్నర్ 9 గ్రాములు, షాట్ 33 గ్రాములు. అంటే షాట్‌లో 27 శాతం రన్నరే. వచ్చిన రన్నర్ అంతా గ్రైండ్ చేసి కొత్త గ్రానూల్స్‌లో కలిపేస్తూ పోతే మీ హాపర్లో (గ్రానూల్స్ పోసే గరాటులో) ఎప్పుడూ 27 శాతం రీగ్రైండ్ ఉంటుంది. పార్టీ 15 శాతమే కలపమన్నాడనుకోండి, మిగిలింది బస్తాల్లో చేరుతూనే ఉంటుంది, ఏడాది తిరిగేసరికి నడవడానికి చోటుండదు. స్విచ్చులు, ప్లగ్గుల లాంటి కరెంటు సామాన్లకి యూఎల్ (అమెరికా భద్రతా పరీక్షల సంస్థ) గుర్తింపు ఉన్న మెటీరియల్ వాడేటప్పుడు యూఎల్ 746డి ప్రకారం విడిగా పరీక్షలు లేకుండా కలపగలిగే రీగ్రైండ్ బరువులో 25 శాతం వరకే. మందులకీ తిండికీ తగిలే పీసులకైతే చాలా కంపెనీలు అసలు కలపనివ్వవు.

ఇప్పుడు రూపాయల్లోకి దిగుదాం. ఇవి లెక్క తెలియడానికి నేను అనుకున్న అంకెలు, మీవి పెట్టుకుని మళ్లీ వేసుకోండి. హాట్ రన్నర్, దాని వేడిని సర్దే కంట్రోలర్, వైరింగ్ కలిపి కోల్డ్ మౌల్డ్ కంటే 4 లక్షలు ఎక్కువ పడిందనుకుందాం. పీపీ కిలో 100 రూపాయలు. చాలామంది ఇక్కడే "రన్నర్ 9 గ్రాములు, అంటే షాట్‌కి 90 పైసలు మిగులు" అని లెక్కేసేస్తారు. అది తప్పు, రన్నర్‌ని మీరు పారెయ్యట్లేదు కదా. రీగ్రైండ్ అంతా వాడుకోగలిగితే మీకు పోయేది గ్రైండింగ్ కరెంటు, మనిషి కూలి, దుమ్ము, కాస్త నాణ్యత మాత్రమే, కిలోకి 20 రూపాయలు వేసుకుంటే షాట్‌కి 18 పైసలు. 4 లక్షలు తిరిగి రావాలంటే 22 లక్షల షాట్లు కొట్టాలి. అదే రీగ్రైండ్ కలపకూడదని, దాన్ని కిలో 30 చొప్పున అమ్మేయాల్సి వస్తే కిలోకి 70 పోతుంది, షాట్‌కి 63 పైసలు, అప్పుడు ఆరు లక్షల ముప్పై వేల షాట్లకే డబ్బు తిరిగొస్తుంది. మౌల్డ్ అదే, మెటీరియల్ అదే, పార్టీ పెట్టిన ఒక్క షరతుతో లెక్క మూడు రెట్లకి పైగా మారిపోయింది.

సైకిల్ టైమ్ సంగతి ఇంకా కలపలేదు. పీసు చల్లబడే సమయం గోడ మందానికి వర్గంలో పెరుగుతుంది, మందం రెట్టింపైతే సమయం నాలుగింతలు. మీ మూత గోడ 1.5 మిల్లీమీటర్లే, కానీ స్ప్రూ అడుగున మందం 7, 8 మిల్లీమీటర్లుంటుంది. పీసు ఎప్పుడో గట్టిపడినా స్ప్రూ ఇంకా మెత్తగా ఉందని మౌల్డ్ మూసే ఉంచుతాం. స్ప్రూ పూర్తిగా గట్టిపడాల్సిన పని లేదు, లాగినప్పుడు తెగకుండా వస్తే చాలు, అయినా టైమ్ తినేది అదే. హాట్ రన్నర్‌తో 18 సెకన్ల సైకిల్లో 3 సెకన్లు తగ్గాయనుకోండి, మెషిన్ గంటకి 300 రూపాయలు అనుకుంటే షాట్‌కి 25 పైసలు మిగిలినట్టు. పైన రీగ్రైండ్ అంతా వాడుకునే వాడి 18 పైసల కంటే ఇదే ఎక్కువ! రెండూ కలిపితే 43 పైసలు, అంటే 9 లక్షల 30 వేల షాట్లు. అందుకే "ఎంత మెటీరియల్ మిగులుతుంది" అని మాత్రమే అడిగేవాడికి సగం జవాబే దొరుకుతుంది. గోడ మందంగా ఉండి పీసే ఆలస్యంగా చల్లబడే పని అయితే మాత్రం ఈ సైకిల్ లాభం దాదాపు సున్నా. అప్పుడు రన్నర్ తీసేసినా మెషిన్ పీసు కోసం ఆగాల్సిందే.

మెటీరియల్ ఏది అన్నదే అసలు వడపోత

పీపీ, పీఈ (పాలీఎథిలీన్), పాలీస్టైరిన్, ఏబీఎస్‌లకి హాట్ రన్నర్‌తో పెద్దగా పేచీ ఉండదు. పీసీ (పాలీకార్బనేట్)తో జాగ్రత్త. 280, 300 డిగ్రీల దగ్గర నడుస్తుంది, మానిఫోల్డ్‌లో ఎక్కడైనా మూల ఉండి ప్లాస్టిక్ కదలకుండా ఆగిపోతే మాడి, నల్ల చుక్కలై లైట్ కవర్ నడిమధ్యకి వచ్చి కూర్చుంటుంది. నైలాన్ 66 ఇంకో రకం తలనొప్పి. 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగితే నీళ్లలా జారుతుంది, పది డిగ్రీలు తగ్గితే గేట్‌లో బిగుసుకుపోతుంది. నాజిల్ చివర వేడి ఎక్కువైతే దారాలు సాగుతాయి, తక్కువైతే కావిటీ ఖాళీ. గ్లాస్ కలిపిన నైలాన్ అయితే నాజిల్ టిప్‌ని రోజూ ఆకురాయి పెట్టినట్టే అరగదీస్తుంది, మామూలు రాగి మిశ్రమం టిప్ దానికి ఆగదు, గట్టి పూత ఉన్నదో కార్బైడ్‌దో అడగాలి.

పీవోఎం (ఎసిటాల్), పీవీసీ విషయంలో మొహమాటం వద్దు. పీవోఎం ఎక్కువసేపు వేడిలో ఆగితే ఫార్మాల్డిహైడ్ వదులుతుంది, కళ్లు మండి షెడ్‌లో నిలబడలేం. పీవీసీ మాడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది, మామూలు ఉక్కుని తినేస్తుంది. ఒకే మెషిన్ మీద ఒకదాని వెంట ఒకటి నడపాల్సి వస్తే మధ్యలో పీఈ లాంటిదానితో బాగా పర్జ్ చెయ్యకుండా, అంటే పాతదంతా బయటికి తోసెయ్యకుండా, మార్చకండి, వేడి బారెల్లో ఆ రెండూ కలిస్తే ప్రమాదమే. పీవీసీ ఫిట్టింగులు కోల్డ్ రన్నర్‌తోనే నడుస్తున్నాయంటే దానికి కారణం పిసినారితనం కాదు. పీవోఎంకి హాట్ రన్నర్ పనికిరాదని కాదు, చేసేవాళ్లు చేస్తున్నారు, కానీ వేడి మీద గట్టి పట్టు ఉన్న షాపుకే అది. రాత్రి షిఫ్ట్‌కి ఎవరొస్తారో మీకే తెలియని షాపుకి కాదు.

రంగులు. రోజూ ఒకే నలుపు నడిపేవాడికి హాట్ రన్నర్ వరం. వారానికి నాలుగు రంగులు మార్చి దువ్వెనలో, బకెట్ మూతలో కొట్టేవాడికి అదే పెద్ద టెన్షన్. బారెల్ ఎలాగూ పర్జ్ చెయ్యాలి, దానికి తోడు మానిఫోల్డ్ మలుపుల్లో, టిప్ చుట్టూ ఉండే చిన్న ఖాళీలో పాత రంగు దాక్కుంటుంది, తెలుపు మీద ఎర్ర చారలు ఎప్పటికీ పోనట్టే అనిపిస్తుంది. కోల్డ్ రన్నర్లో బారెల్ శుభ్రమైతే మౌల్డ్‌లో పాత రంగు మిగిలే చోటే ఉండదు. పాతకాలంలో నాజిల్ లోపలి నుంచి వేడి చేసే రకం ఉండేది, బయటి గోడకి గట్టిపడిన పొర అంటుకుని ఉండిపోయేది, రంగు మార్పుకి అంతకంటే చెడ్డది లేదు. ఎవరైనా సెకండ్ హ్యాండ్ మౌల్డ్ చవకగా వస్తోందంటే లోపలి హీటరా బయటి హీటరా అని ఒక్క మాట అడగండి.

నడిమి దారి: హాట్ స్ప్రూ, చిన్న కోల్డ్ రన్నర్

నా లెక్కలో చిన్న షాపులకి చాలాసార్లు సరిపోయేది ఇదే. మానిఫోల్డ్ ఉండదు. స్ప్రూ బుష్ స్థానంలో ఒకే ఒక్క వేడి నాజిల్ పెడతారు, దాని కింద పొట్టి కోల్డ్ రన్నర్, అక్కణ్ణుంచి మామూలు గేట్లు. సైకిల్ టైమ్‌ని తినే లావుపాటి స్ప్రూ పోతుంది, రన్నర్ బరువు బాగా తగ్గుతుంది, కంట్రోలర్లో ఒకటో రెండో జోన్లు (విడిగా వేడి సర్దే భాగాలు) చాలు. రంగు మార్చడం మానిఫోల్డ్ అంత కష్టం కాదు, ఎందుకంటే వేడిగా ఉండే దారి ఒక్క తిన్నని గొట్టమే. పైన చెప్పిన మూతనే తీసుకుంటే 9 గ్రాముల రన్నర్ 5 గ్రాములకి రావచ్చు, సెకన్లు కూడా దాదాపు అన్నీ మిగులుతాయి, పెట్టుబడి మాత్రం ఎనిమిది నాజిళ్ల హాట్ రన్నర్‌కి దరిదాపుల్లో ఉండదు. మరి దీన్ని ఎందుకు ముందుగా చెప్పరంటే, అమ్మేవాడికి ఒక నాజిల్ కంటే ఎనిమిది నాజిళ్లు అమ్మడమే బాగుంటుంది, అంతే.

త్రీ ప్లేట్ మౌల్డ్ ఇంకో పాత పద్ధతి. పీసు నెత్తిన పిన్ పాయింట్ గేట్ కావాలి, హాట్ రన్నర్ వద్దు అంటే ఇదే దారి. గేట్ దానంతటదే తెగుతుంది, కానీ రన్నర్ బరువు పెరుగుతుంది, మౌల్డ్ ఎక్కువ తెరుచుకోవాలి, కదిలే ప్లేట్లు ఎక్కువ. గేర్ల లాంటి గుండ్రటి చిన్న పీసులకి మాత్రం ఇప్పటికీ మంచిదే.

హాట్ రన్నర్ అని తేల్చుకున్నాక: తెరిచిన టిప్పా, వాల్వ్ గేటా

యూడో, హస్కీ, మోల్డ్ మాస్టర్స్ లాంటి పేర్లు మీరు వినే ఉంటారు, చవక రకాలూ దొరుకుతాయి. బ్రాండ్ కంటే ముందు నాజిల్ రకం తేల్చుకోవాలి. హాట్ టిప్‌లో గేట్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, చివర చల్లబడి తనంతట తానే మూసుకుంటుంది. పీసు మీద చిన్న మొటిమ మిగులుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. కనిపించని చోట గేట్ ఉంటే చాలు ఇదే తీసుకోండి, చవక, కదిలే భాగాలు లేవు. వాల్వ్ గేట్‌లో సిలిండర్ పిన్ను ముందుకి తోసి గేట్‌ని మూస్తుంది, గాలితోనో హైడ్రాలిక్ తోనో. మచ్చ చదునుగా, ఒక గుండ్రటి గీతలా ఉంటుంది. గేట్ పెద్దగా పెట్టుకోవచ్చు కాబట్టి ప్లాస్టిక్ నలగదు. పెద్ద బంపర్లలో నాజిళ్లని ఒకదాని తర్వాత ఒకటి తెరిచి వెల్డ్ లైన్ (రెండు ప్రవాహాలు కలిసే చోట పడే గీత) రాకుండా నడిపేది కూడా వీటితోనే. చెన్నై ఒరగడం, శ్రీపెరుంబుదూరు వైపు కార్ల పార్టులు చేసే షాపుల్లో ఇవి మామూలే. 3 గ్రాముల మూతకి మాత్రం ఎవరైనా వాల్వ్ గేట్ చెప్తుంటే ఎందుకని గట్టిగా అడగండి. పిన్ గైడ్ అరుగుతుంది, సీల్ పోతుంది, గాలిలో నీళ్లొస్తే సిలిండర్ ఇరుక్కుంటుంది. అందాన్ని పార్టీ డబ్బిచ్చి కొంటాడా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

ఏది పెట్టినా వేడెక్కితే ఉక్కు పెరుగుతుందన్నది మరవకూడదు. 400 మిల్లీమీటర్ల మానిఫోల్డ్ 30 డిగ్రీల నుంచి 230కి చేరితే దాదాపు 0.96 మిల్లీమీటర్లు సాగుతుంది, నడుమ నుంచి చెరో వైపు అర మిల్లీమీటర్. డిజైన్ చేసేవాడు ఆ అర మిల్లీమీటర్‌ని ముందే లెక్కలో పెట్టి, వేడెక్కాకే నాజిల్ గేట్‌తో సరిగ్గా కూర్చునేలా, సీల్ బిగుసుకునేలా చేస్తాడు. కాబట్టి కంట్రోలర్ 230 చూపించకముందే, "సరేలే 190 అయింది కదా" అని షాట్ కొడితే ఆ సీల్ ఇంకా బిగిసుండదు. ప్లాస్టిక్ పక్కలకి కారుతుంది, మానిఫోల్డ్ కూర్చునే గుంత నిండుతుంది. ఆ సంగతి బయటికి తెలిసేది చాలా సేపటికి, వైర్లు బయటికొచ్చే కన్నం నుంచి పీపీ మెల్లగా నాలుక చాచినప్పుడు. అప్పటికి హీటర్లు, థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) వైర్లు అన్నీ ఒకే గడ్డలో ఉంటాయి, ఉలి, బర్నర్ పట్టుకుని కూర్చోవాలి. వేడెక్కాక ఇంకో పది పదిహేను నిమిషాలు ఆగితే ఏమీ పోదు.

ఇంకోటి, థర్మోకపుల్ రకం. హాట్ రన్నర్లలో జె రకం ఎక్కువ, కొన్ని చోట్ల కె కూడా ఉంటుంది. సెన్సర్ కె అయ్యుండి కంట్రోలర్ జె మీద సెట్ అయ్యుంటే, తెర మీద 230 అని ఉన్నప్పుడు లోపల నిజంగా 300 దాటి ఉంటుంది, ఎందుకంటే కె నుంచి వచ్చే మిల్లీవోల్ట్‌లు తక్కువ. పీపీ పసుపు రంగుకి తిరిగి పొగలొస్తాయి, అందరూ మెటీరియల్‌ని తిడతారు. కంట్రోలర్ ఒక చోట, మౌల్డ్ ఒక చోట కొన్నవాళ్లకి ఈ బెడద ఎక్కువ.

కరెంటు గురించి కూడా. పీణ్యాలో కానీ బొమ్మసంద్రలో కానీ కరెంటు పోయినప్పుడు డీజీ (డీజిల్ జనరేటర్) మీద మెషిన్ ఎక్కుతుంది, కంట్రోలర్ ఎక్కడానికి వేరే పాయింట్ ఉండి దాన్ని ఎవరూ చూడరు. బారెల్ వేడిగా ఉంటుంది, మానిఫోల్డ్ చల్లారిపోతుంది. రెండూ ఒకే బ్యాకప్ మీద ఉన్నాయో లేదో మౌల్డ్ రాకముందే చూసుకోండి. వానాకాలంలో వారం రోజులు మూలన పెట్టిన మౌల్డ్‌కి హీటర్లు చెమ్మ పీలుస్తాయి, ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇస్తే షార్ట్ అవుతాయి. సాఫ్ట్ స్టార్ట్ ఉన్న కంట్రోలర్ మెల్లగా వేడి చేసి ఆ చెమ్మ ఆరనిస్తుంది. కొటేషన్‌లో ఆ మాట ఉందో లేదో చూడండి. నీళ్ల సంగతీ ఇంతే. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు నేరుగా మౌల్డ్‌లోకి తిప్పితే గేట్ చుట్టూ ఉండే సన్నటి కూలింగ్ దారుల్లోనే సున్నం ముందుగా పడుతుంది, ఆ తర్వాత గేట్ మూసుకోక దారాలు సాగుతుంటే నాజిల్‌ని తప్పు పడతాం.

కోల్డ్ రన్నర్ అనుకుంటే కాలవ సైజు మీద మనసు పెట్టండి

ఇక్కడ జరిగే నిర్లక్ష్యం ఇంకెక్కడా జరగదు. హాట్ రన్నర్‌కైతే నాలుగు మీటింగులు, కోల్డ్ రన్నర్‌కి "ఆరు ఎంఎం వేసెయ్" అనే ఒక్క మాట. గుండ్రటి కాలవ అన్నిటికంటే మంచిది, ఒకే వైశాల్యానికి గోడ తక్కువ, వేడి తక్కువ పోతుంది. కానీ రెండు ప్లేట్లలోనూ సగం సగం చెక్కాలి, అవి సరిగ్గా కలవాలి. ఒక ప్లేట్‌లోనే చెక్కాలంటే పక్కలు కొంచెం వాలుగా, అడుగు మూలలు గుండ్రంగా ఉన్న ట్రెపిజాయిడ్ పెట్టండి. సగం గుండ్రటిది చెక్కడం తేలికని టూల్ రూమ్‌లో అదే గీసేస్తారు, ఒప్పుకోవద్దు. దాని నడుమ ప్లాస్టిక్ పారే దారి చాలా సన్నం, మిగతాదంతా గోడలకి అంటుకుని గట్టిపడే పొరే, అయినా గ్రైండర్లో పడే బరువు మాత్రం తగ్గదు.

6 మిల్లీమీటర్ల రన్నర్‌ని 5కి తగ్గిస్తే బరువు 30 శాతం తగ్గుతుంది. ఒత్తిడి మాత్రం నీళ్లలాంటి ద్రవానికైతే రెట్టింపు కావాలి, ప్లాస్టిక్ నలిగేకొద్దీ పలచబడుతుంది కాబట్టి సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. మీ మెషిన్‌లో ఆ ఒత్తిడి మిగులు ఉంటే 5 పెట్టి మెటీరియల్ మిగుల్చుకోండి, ఇప్పటికే ప్రెషర్ గరిష్ఠానికి దగ్గరగా నడుస్తుంటే 6 దగ్గరే ఆగండి. ఉక్కుని చెక్కాక పెంచడం సులువు, తగ్గించడం కష్టం, కాబట్టి మొదట సన్నంగా మొదలుపెట్టడమే మేలు. కాలవ రెండుగా చీలే చోట తల్లి కాలవ పిల్ల కాలవకి 1.26 రెట్లు ఉండాలన్నది పనికొచ్చే కొలత, గేట్ దగ్గరిది 4 అయితే దాని వెనకది 5, దాని వెనకది 6.3. మలుపుల చివర చల్లటి ముక్క వెళ్లి ఆగడానికి రన్నర్ వ్యాసానికి ఒకటిన్నర రెట్ల గుంత వదలండి, ఇది లేకే పీసు మీద గేట్ దగ్గర తెల్లటి మరకలు వస్తాయి.

కాలవల అమరికలో రెండు రకాలు. చేపముల్లు అమరికలో ఒక పొడుగాటి రన్నర్‌కి అటూ ఇటూ కావిటీలు. బరువు తక్కువ, చెక్కడం తేలిక, కానీ చివరి ఆయకట్టు రైతు గతే చివరి కావిటీలకి: మొదటివి నిండి అంచుల్లోంచి ఫ్లాష్ కొడుతుంటే చివరివి షార్ట్, అంటే పూర్తిగా నిండవు. గేట్ సైజులు మార్చి సర్దొచ్చు, కానీ మెటీరియల్ గ్రేడ్ మారిందంటే సర్దుబాటు పోతుంది. హెచ్ ఆకారంలో చీలుతూ పోయే అమరికలో స్ప్రూ నుంచి ప్రతి కావిటీకి దూరం సమానం. రన్నర్ బరువు ఎక్కువే, కానీ పీసు కొలత ముఖ్యమైతే ఇదే.

అయితే ఎనిమిది కావిటీల హెచ్‌లో కూడా స్ప్రూకి దగ్గరున్న నాలుగు ముందు నిండుతాయి, దూరం సమానమే అయినా! టూల్ రూమ్‌లో దీన్ని ఉక్కు తేడా అని, గేట్ తేడా అని అంటుంటారు, అసలు కారణం వేరే. కాలవలో గోడ పక్కన పారే పొర ఎక్కువ నలిగి వేడెక్కి పలచబడుతుంది, నడుమ పారేది కాస్త చల్లగా, చిక్కగా ఉంటుంది. కాలవ చీలి మలుపు తిరిగినప్పుడు ఆ వేడి పొర స్ప్రూ వైపు గోడని పట్టుకుని పోతుంది, తర్వాతి చీలిక దగ్గర అది లోపలి కావిటీకే దక్కుతుంది. అమెరికాలో జాన్ బోమాంట్ దీన్ని విడమరిచి చెప్పి, చీలిక దగ్గర ప్రవాహాన్ని తిప్పే మెల్ట్‌ఫ్లిప్పర్ అనే ఏర్పాటు తెచ్చారు. హాట్ రన్నర్ మానిఫోల్డ్‌లోనూ ఇదే జరుగుతుంది కాబట్టి దానికి మారితే పోతుందనుకోవద్దు. కొలతలు గట్టిగా అడిగే పని అయితే, ఆ ఏర్పాటు లేకుంటే, ఎనిమిది బదులు నాలుగు కావిటీలతో సరిపెట్టుకోవడం కూడా తెలివైన పనే.

గేట్ల గురించి క్లుప్తంగా. పక్కన ఎడ్జ్ గేట్ పెడితే సర్దుబాటు సులువు, కానీ నిప్పర్ పట్టుకుని తుంచే మనిషి కావాలి. సబ్‌మెరైన్ గేట్ అయితే తోసేటప్పుడే తెగిపోతుంది, మనిషి అక్కర్లేదు, కానీ గ్లాస్ కలిపినవీ, పెళుసు మెటీరియళ్లూ అయితే ముక్క లోపలే విరిగి ఇరుక్కునే అవకాశం ఉంది. చదునైన పలకలకి ఫ్యాన్ గేట్, గుండ్రటి గొట్టాలకి డయాఫ్రమ్.

మెషిన్ నాజిల్

దీన్ని ఎవరూ ఎంపికగానే చూడరు, మెషిన్‌తో వచ్చిందే పెట్టి నడిపేస్తారు. పీపీ, ఏబీఎస్‌కి మామూలు ఓపెన్ నాజిల్ చాలు. నైలాన్‌కి కారడం ఆగాలంటే లోపల వెనక్కి సన్నబడే నైలాన్ నాజిల్, లేదా షట్ ఆఫ్ నాజిల్. ముందు నైలాన్ నాజిల్, సక్ బ్యాక్ (స్క్రూని కాస్త వెనక్కి లాగడం)తో ప్రయత్నించి, ఆగకపోతేనే షట్ ఆఫ్‌కి వెళ్లండి, దాంట్లో స్ప్రింగ్, పిన్ను ఉండి మూలలెక్కువ, వేడికి ఓర్చుకోలేని మెటీరియల్ అక్కడ మాడుతుంది. పీవీసీకి షట్ ఆఫ్ అసలు వద్దు. నాజిల్ ముందు గుండ్రం కంటే స్ప్రూ బుష్ గుంత కాస్త పెద్దదిగా, నాజిల్ కన్నం కంటే బుష్ కన్నం అర నుంచి ఒక మిల్లీమీటర్ పెద్దదిగా ఉండాలి. తిరగబడితే అంచు దగ్గర ప్లాస్టిక్ పట్టుకుని స్ప్రూ రాదు, ఆపరేటర్ ఇత్తడి కడ్డీతో పొడుస్తూ కూర్చుంటాడు. సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి ఒక గట్టి కాగితం ముక్క మధ్యలో పెట్టి నాజిల్‌ని మెల్లగా ఆనించి తియ్యండి, అచ్చు గుండ్రంగా పూర్తిగా పడాలి. ఒక పక్కే పడితే నాజిల్ వంకరగా ఉన్నట్టు, ఆ సందులోంచే కారుతుంది.

ఆర్డర్ కాగితం మీద ఏముండాలి

ఉక్కు కోసేముందు మౌల్డ్ ఫ్లో రిపోర్ట్ (ప్లాస్టిక్ ఎలా నిండుతుందో కంప్యూటర్లో వేసిన అంచనా) అడగండి. బెంగళూరులోనైతే రాజాజీనగర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో జీటీటీసీ ఉంది, డెన్మార్క్ సాయంతో 1972లో పెట్టిన టూల్ రూమ్ శిక్షణ సంస్థ. చెన్నైలోనైతే గిండీలో 1968లో మొదలైన ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సిపెట్. మన పిల్లలు చాలామంది చదువుకుని వచ్చింది ఈ చోట్లే కాబట్టి తెలిసినవాళ్లు దొరక్కపోరు. హాట్ రన్నర్ అయితే ఏ జోన్ ఏ నాజిల్‌దో రాసిన వైరింగ్ డ్రాయింగ్, కనెక్టర్ పిన్‌ల క్రమం, థర్మోకపుల్ రకం కాగితం మీదే ఉండాలి, మాటల్లో కాదు. ఒక జత హీటర్లు, థర్మోకపుల్‌లు, ఒక టిప్ స్పేర్‌గా మొదటి రోజే రావాలి, ఎందుకంటే శనివారం సాయంత్రం హీటర్ పోతే సోమవారం దాకా ఎవరూ ఫోనెత్తరు. కోల్డ్ రన్నర్ అయితే రన్నర్ ఆకారం, వ్యాసం, షాట్‌లో రన్నర్ బరువు ఇంతకు మించకూడదని రాయించుకోండి. ఆ చివరి అంకె అడిగారంటే టూల్ రూమ్‌వాళ్లు మీతో మాట్లాడే తీరే మారుతుంది.

ట్రయల్ రోజు పూర్తి పీసులు చూసి సంతోషపడి బాకీ చెల్లించెయ్యకండి. హోల్డింగ్ ప్రెషర్ (నిండాక పట్టి ఉంచే ఒత్తిడి) సున్నా చేసి, షాట్ తగ్గించి, 80 శాతం మాత్రమే నిండేలా కొట్టించండి. ఎనిమిది కావిటీల నిండని పీసుల్నీ కావిటీ నంబర్ ప్రకారం వరసగా పెట్టి గ్రాములో వందో వంతు చూపించే త్రాసు మీద తూచి, అంకెలు అక్కడే రాసి, టూల్ రూమ్‌వాళ్ల సంతకం తీసుకోండి. తేడా ఎంత వరకు ఒప్పుకుంటారో ఆర్డర్‌లో ముందే ఉండాలి, లేకపోతే ఆ రోజు "ప్రెషర్ పెంచితే అన్నీ నిండుతాయి సార్" అంటారు.